పడవెక్కి చేరే రీఫా, నడిచి దిగే రీఫా? కరీబియన్‌లో మీకు సరిపడే చిన్న దీవి

వారం పది రోజులు ఒకే చిన్న దీవిలో ఉండిపోవాలి. వీపున ఒక్క బ్యాగు తప్ప సామాను ఉండకూడదు. రోజూ కాసేపు నీళ్లలో ముఖం ముంచి చేపల్ని చూడాలి, మిగతా పొద్దంతా ఊయల్లో పడుకుని పుస్తకం చదువుకోవాలి. కోరిక చిన్నదే. వెతకడం మొదలుపెడితే మాత్రం కరీబియన్ మొత్తం మీద పడుతుంది. ఏ దీవి ఫొటో చూసినా అదే నీలం, అదే కొబ్బరిచెట్టు. ఫొటోలతో ఏదీ తేలదు.

నేనైతే ముందు ఒకటే అడుగుతాను: మీరు పడుకునే చోటికి రీఫ్ ఎంత దూరం? పగడపు దిబ్బ దగ్గరికి ఒడ్డు నుంచే దిగి వెళ్లగలరా, లేక దిగాలనుకున్న ప్రతిసారీ డబ్బు కట్టి పడవ ఎక్కాలా? ఖర్చు ఎంతవుతుంది, ఈత ఎంత వచ్చి ఉండాలి, గాలి ఎక్కువైన రోజు ఏం చేస్తారు, ఒంటరిగా వెళ్లొచ్చా లేదా అన్నవన్నీ చాలావరకు దీని మీదే ఆధారపడతాయి. హాస్టల్ ఎంత బాగుంది, బీచ్ ఎంత తెల్లగా ఉంది అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

ఈ ప్రశ్నతో నాలుగు దీవుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. బెలీజ్‌లో కీ కాకర్, హోండురస్‌లో యుటిలా, నికరాగువాలో లిటిల్ కార్న్, ప్యూర్టో రికోలో కులేబ్రా. నాలుగూ చిన్నవి. ఎక్కడా పెద్ద రిసార్టుల హడావిడి లేదు. అన్నిచోట్లా ఇంగ్లీషుతో పని గడిచిపోతుంది.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా మాట ముందే చెప్పేస్తాను. బ్యాక్‌ప్యాక్ తరహా తీరిక, తోటి ప్రయాణికుల స్నేహం, పెద్ద చేపలు, తేలికైన దారి అన్నీ కలిపి కావాలంటే కీ కాకర్. నీళ్లంటే భయం ఉన్నవాళ్లకూ, తమంతట తాము మెల్లగా దిగి అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లకూ కులేబ్రా. స్నార్కెలింగ్‌తో (మాస్క్, ట్యూబు పెట్టుకుని పైపైన తేలడం) ఆగకుండా స్కూబా (గాలి సిలిండరుతో లోతుకు దిగడం) కూడా నేర్చుకోవాలనుకుంటే యుటిలా. చేతిలో సెలవులు దండిగా ఉండి, దారిలో ఒకరోజు పోయినా పర్వాలేదనుకునేవాళ్లకే లిటిల్ కార్న్.

వీసా ముందు, టికెట్ తర్వాత

దీవి కంటే ముందు పాస్‌పోర్టు తెరవండి. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉంటున్న మన వాళ్లకు కులేబ్రా అన్నిటికంటే సులువు. ప్యూర్టో రికో అమెరికా భూభాగమే కాబట్టి డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సాన్ హువాన్‌కు వెళ్లడం దేశంలోపలి ప్రయాణం కిందికే వస్తుంది. స్టాంపింగ్ గడువు దాటిపోయి, ఐ-797 అనే ఆమోదపు కాగితం మీద ఉద్యోగం చేసుకుంటున్న హెచ్-1బీ వాళ్లు ఎంతమందో. వాళ్లు బెలీజ్‌కో హోండురస్‌కో వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపు కావాలి, దానికోసం కాన్సులేట్ చుట్టూ తిరగాలి. ఆ పరిస్థితిలో ఉంటే మిగతా మూడు దీవుల గురించి ఆలోచించకండి, నేరుగా కులేబ్రా విభాగానికి వెళ్లిపోండి. దేశంలోపలే కదా అని కాగితాలు ఇంట్లో వదిలేయొద్దు. పాస్‌పోర్టు, ఐ-797, విద్యార్థులైతే కాలేజీ ఇచ్చిన ఐ-20 చేతి సంచిలోనే ఉండాలి.

చెల్లుబాటులో ఉన్న మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా ఉంటే బెలీజ్‌కు విడిగా వీసా అక్కర్లేదు. హోండురస్, నికరాగువాల సంగతి టికెట్ కొనకముందే ఆయా రాయబార కార్యాలయంలో కనుక్కోవాలి. విమాన కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు భారత పాస్‌పోర్టు నిబంధనలు అలవాటు ఉండవు కాబట్టి ఆ జవాబు ప్రింటు తీసి పెట్టుకుంటే మంచిది. 

ఇండియా నుంచి కేవలం స్నార్కెలింగ్ కోసమే బయల్దేరుతున్నారా? అలాగైతే కరీబియన్ వద్దు. అండమాన్‌లో నీల్, హ్యావ్‌లాక్ దీవులు ఉన్నాయి, అంత డబ్బూ అన్ని విమానాలూ అక్కర్లేదు. అమెరికాలో బంధువుల ఇంటికో, చదువుకో, ఆఫీసు పనికో వచ్చినప్పుడు దానికి తగిలించుకుంటేనే ఈ దీవులు గిట్టుబాటవుతాయి.

కీ కాకర్: పడవ తప్పదు, అదే దాని బలం

బెలీజ్ సిటీకి ఈశాన్యంగా సుమారు 32 కిలోమీటర్ల దూరంలో, 8 కిలోమీటర్ల పొడవున్న సన్నటి ఇసుక పట్టీ ఇది. విమానాశ్రయం నుంచి టాక్సీలో వాటర్ టాక్సీ రేవుకు వచ్చి పడవెక్కితే ముప్పావు గంటలో దీవిలో ఉంటారు. కార్లు లేవు. గోల్ఫ్ కార్టులు, సైకిళ్లు, ఇసుక వీధులు. వీధులు కూడా ముఖ్యంగా మూడే: ముందు వీధి, మధ్య వీధి, వెనక వీధి. మీరు వడివడిగా నడిస్తే దారిన పోయేవాళ్లు ‘గో స్లో’ అని నవ్వుతూ గుర్తుచేస్తారు, దీవి నినాదమే అది.

ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్లాలి. ఇక్కడ చెప్పుకోదగ్గ బీచ్ లేదు. ఈత కొట్టేది స్ప్లిట్ దగ్గర. దీవిని రెండుగా చీల్చే ఆ కాలువకు 1961లో వచ్చిన హాటీ తుపానే కారణమని చెబుతారు. దాని అంచున ఉన్న కాంక్రీటు గట్టు మీద నుంచి నీళ్లలోకి దూకుతారు. కాలువలో ప్రవాహం బలంగా ఉంటుంది, పడవలు కూడా తిరుగుతుంటాయి. ఈత సరిగా రానివాళ్లు గట్టు పక్కనే ఉండాలి. అక్కడ కాసేపు తేలడమే తప్ప చూడటానికి పగడాలేం పెద్దగా ఉండవు.

అసలు రీఫ్ తూర్పున, ఒడ్డు నుంచి చూస్తే అలలు తెల్లటి గీతలా విరిగే చోట ఉంటుంది. బెలీజ్ బ్యారియర్ రీఫ్ సుమారు 300 కిలోమీటర్లు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల మెసో అమెరికన్ రీఫ్‌లో ఇదొక భాగం. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ తర్వాత ప్రపంచంలో పెద్దది అదే. 1996లో యునెస్కో బెలీజ్ రీఫ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2009లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చింది. బెలీజ్ జనం గట్టిగా నిలబడ్డారు. సముద్రంలో చమురు తవ్వకాలను ప్రభుత్వం ఆపేసింది. 2018లో ఆ ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు. అలా నిలబెట్టుకున్న రీఫ్‌లో మనం దిగుతున్నామన్న ఎరుక ఉంటే కాళ్లు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

టూర్లు రెండు రకాలు. సగం రోజుది దీవి ముందరి రీఫ్‌కే తీసుకెళ్తుంది. రోజంతా ఉండేది పక్కనున్న ఆంబర్‌గ్రిస్ కీ దీవి దక్షిణపు కొస దగ్గరున్న హోల్ చాన్ మెరైన్ రిజర్వ్‌కు. 1987 నుంచి రక్షణలో ఉన్న చోటు కావడంతో అక్కడి చేపలు మనిషిని చూసి బెదరవు. బారెడు గ్రూపర్లు, ఈగిల్ రేలు, గుహ అంచున ఆకుపచ్చ మోరే ఈల్, అదృష్టం ఉంటే తాబేళ్లు. దాని దగ్గరే షార్క్ రే ఆలీ. జాలర్లు పట్టిన చేపల్ని అక్కడే శుభ్రం చేసుకునేవాళ్లట. ఆ వ్యర్థాలకు అలవాటుపడ్డ నర్స్ షార్కులు ఇప్పుడూ పడవ మోటారు చప్పుడు వినగానే చుట్టూ చేరతాయి. మనిషి జోలికి రావు, నోరు చిన్నది, అడుగున ఉండేవాటిని పీల్చుకు తింటాయి. అలాగని ముట్టుకోకూడదు. చెయ్యి కిందికి వేలాడదీయకుండా ఛాతీ మీద కట్టుకుని తేలితే చాలు.

రిజర్వ్‌లో లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా దిగనివ్వరు. ఖర్చు పెరుగుతుందని కొందరు విసుక్కుంటారు కానీ ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది వరం. వెంట నలుగురు ఉంటారు, లైఫ్ జాకెట్ ఉంటుంది, చేప పేరు చెప్పేవాడు ఉంటాడు. ఇబ్బంది ఒక్కటే: పడవ అంచు నుంచి దిగగానే కాళ్లకు నేల అందదు. అంతకుముందు ఎప్పుడూ మాస్క్ పెట్టుకోని మనిషి అక్కడే, ఆ క్షణంలోనే నేర్చుకోవాలంటే కష్టం. రీఫ్ టూర్‌కు ముందురోజు స్ప్లిట్ గట్టు పక్కన గంటసేపు సాధన చేయండి.

సముద్రంలో గుండ్రటి లోతైన గొయ్యి, గ్రేట్ బ్లూ హోల్ గురించి అందరూ అడుగుతారు. స్నార్కెలింగ్‌కు అది దండగ అని నా అభిప్రాయం. దాని గొప్పతనమంతా లోతులోనూ, ఆకాశం నుంచి చూసినప్పటి గుండ్రటి ఆకారంలోనూ ఉంది. రెండు గంటలకు పైగా పడవలో కుదిపించుకుంటూ వెళ్లి పైపైన తేలితే కనిపించేది అంచు మాత్రమే. ఆ డబ్బుతో హోల్ చాన్‌కు ఇంకోసారి వెళ్లండి.

డబ్బు లెక్క: రెండు బెలీజ్ డాలర్లు ఒక అమెరికా డాలరు. రెండూ చెల్లుతాయి. ఎవరైనా ధర చెబితే ఏ డాలర్లో అడిగి తీరాలి, లేకపోతే రెట్టింపు కట్టేస్తారు.

కులేబ్రా: తాబేళ్ల దగ్గరికి నడిచి వెళ్లడం

ఒడ్డు నుంచి దిగడంలో ఈ నాలుగింట్లో కులేబ్రాకు సాటి లేదు. కారణం భూగోళమే. కరీబియన్‌లో గాలి ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు నుంచి వీస్తుంది. దీవికి తూర్పు వైపున అలలు, పడమటి చాటున నిశ్చలమైన నీళ్లు. కులేబ్రాలో మంచి స్నార్కెలింగ్ ఒడ్డులు తామరిండో, కార్లోస్ రొసారియో రెండూ ఆ పడమటి చాటునే ఉన్నాయి. ఆ నీళ్లు 1999 నుంచి లూయిస్ పెన్యా కెనాల్ రిజర్వ్ కింద ఉన్నాయి, అక్కడ చేపలు పట్టడం నిషేధం.

తామరిండో ఒడ్డున ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. రబ్బరు అడుగున్న నీటి బూట్లు ఉంటే హాయి. నడుం లోతు దాటి కొంచెం ముందుకు తేలితే అడుగున సముద్రపు గడ్డి మొదలవుతుంది. పచ్చ తాబేలు మేసేది అక్కడే. తల వంచి, ఒక గుత్తిని నోట పట్టి, మెడ విదిలించి తెంపుతుంది. తెంపిన ప్రతిసారీ సన్నటి మట్టి లేచి కాసేపు నీళ్లలోనే నిలుస్తుంది. డిప్ప మీద ఒకటో రెండో రెమోరా చేపలు అతుక్కుని ఉంటాయి. కొన్ని నిమిషాలకోసారి మేత ఆపి నిదానంగా పైకి వచ్చి, ముక్కు మాత్రం బయటపెట్టి, గాలి పీల్చుకుని మళ్లీ అదే చోటికి దిగుతుంది. కదలకుండా తేలుతూ ఉంటే మనల్ని పట్టించుకోదు. కెమెరా పట్టుకుని వెంటపడితే మేత వదిలేసి పోతుంది. దాన్ని ముట్టుకోవడం, తరమడం అమెరికా చట్టం ప్రకారం నేరం కూడా.

ఇదంతా ఉచితం. గైడ్ లేడు, టైము లేదు, నీళ్లు చల్లగా అనిపిస్తే ఒడ్డుకు వచ్చి ఎండలో కూర్చుని మళ్లీ దిగొచ్చు. భయం ఉన్నవాళ్లకు కావలసింది ఈ స్వేచ్ఛే. అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగేవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను. వాళ్లు ఒడ్డున నీడలో కూర్చుంటారు, మీరు కళ్లెదుటే ఉంటారు.

పగడాలు చూడాలంటే మాత్రం కార్లోస్ రొసారియో మేలు. ఫ్లమెంకో బీచ్ పార్కింగ్ వెనక నుంచి గుట్ట మీదుగా కాలిబాట ఉంది. అక్కడ దుకాణం లేదు, మంచినీళ్లు లేవు. మోసుకెళ్లాల్సిందే. ఫ్లమెంకో సంగతి వేరు: నెలవంకలా వంగిన తెల్లటి ఇసుక, దాని మీద తుప్పుపట్టి రంగులు పూసుకున్న పాత సైనిక ట్యాంకులు. అమెరికా నౌకాదళం ఈ దీవిని ఫిరంగుల సాధనకు వాడుకునేది. జనం పోరాడి 1975లో ఆపించారు. పేలని గుండ్లు ఇంకా కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి కాబట్టి నీటి అడుగున ఇనుప వస్తువు కనిపిస్తే ముట్టుకోకూడదు, హెచ్చరిక బోర్డుల్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మరి లోటు ఏమిటి? మొదటిది ఖర్చు. బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్ల సంస్కృతి ఇక్కడ పెద్దగా లేదు, గదులన్నీ అమెరికా ధరలే. ముగ్గురు నలుగురు కలిసి ఒక ఇల్లు తీసుకుని వండుకుంటే అందుబాటులోకి వస్తుంది. రెండోది ఫెర్రీ. ప్యూర్టో రికో ప్రధాన దీవిలోని సెయిబా రేవు నుంచి టికెట్ చాలా చవక, ప్రయాణం ముప్పావు గంటే. కానీ దీవి వాసులకు మొదటి ప్రాధాన్యం. అది న్యాయమే, వాళ్లకు ఆసుపత్రికైనా సరుకులకైనా అదే దారి. సెలవు రోజుల్లో టికెట్లు తొందరగా అయిపోతాయి. ముందే ఆన్‌లైన్‌లో కొనండి. కొన్నా కూడా తిరుగు విమానం ఎక్కే రోజు ఉదయం ఫెర్రీని నమ్ముకోకుండా, ముందురోజే సాన్ హువాన్ చేరండి. అద్దె కారును ఫెర్రీ ఎక్కించడానికి కంపెనీలు ఒప్పుకోవు, సెయిబాలో వదిలి వెళ్లాలి. దీవిలో పుబ్లికో అని పిలిచే షేర్ వ్యాన్లు తిరుగుతాయి.

యుటిలా: పడవ మీద నేర్చుకునే దీవి

యుటిలాలో జనం దాదాపు స్కూబా చుట్టూనే తిరుగుతారు. ప్రపంచంలో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబాలో మొదటి మెట్టు) బాగా చవకగా దొరికే చోట్లలో ఇదొకటి. కోర్సు కట్టినవాళ్లకు డార్మ్‌లో మంచం ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇచ్చే డైవ్ షాపులు ఉన్నాయి. అందుకే మూడు రోజులకని వచ్చి మూడు వారాలు ఉండిపోయేవాళ్లు ఇక్కడ మామూలు. ఒంటరిగా వచ్చినవాళ్లకు రెండోరోజుకే జట్టు కుదిరిపోతుంది.

మీకు స్నార్కెలింగ్ చాలు అనుకుంటే యుటిలా రెండో వరుసలోకి వెళ్తుంది. డైవ్ పడవల్లో స్నార్కెలర్‌కు చోటిస్తారు కానీ ఆగే చోట్లు డైవర్ల కోసం ఎంచినవి, లోతుగా ఉంటాయి. పైనుంచి చూస్తే సగమే కనిపిస్తుంది. ఆ మాట వేల్ షార్క్‌కు వర్తించదు. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అది, దాన్ని చూసేది మాస్క్, ట్యూబుతో పైపైన తేలుతూనే. దీవికి ఉత్తరాన లోతు ఒక్కసారిగా పడిపోయే చోట అవి తిరుగుతుంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ, మళ్లీ ఆగస్టు నుంచి అక్టోబరు దాకానూ కనబడే అవకాశం ఎక్కువ. కనబడుతుందని మాట ఇచ్చేవాణ్ని నమ్మకండి.

స్కూబా కోర్సుకు ఈత ఎంత రావాలని మన వాళ్లు తరచూ అడుగుతారు. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), స్నార్కెల్ పెట్టుకుని 300 మీటర్లు. ఆ తర్వాత ఏ ఆధారం లేకుండా 10 నిమిషాలు తేలాలి. వేగంతో పనిలేదు. వెళ్లే ముందు రెండు నెలలు పూల్‌లో సాధన చేస్తే చాలామందికి వచ్చేస్తుంది. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలైనా విరామం ఉండేలా టికెట్ కొనుక్కోండి.

దారి రెండు రకాలు. హోండురస్‌లోని సాన్ పెద్రో సూలాలో దిగి బస్సులో లా సెయిబా చేరి ఫెర్రీ ఎక్కడం చవక, కానీ రోజంతా పడుతుంది, చీకటి పడ్డాక ఆ ఊళ్లలో తిరగడం మంచిది కాదు. అమెరికా నుంచి నేరుగా రోవాతాన్ దీవికి వెళ్లే విమానాలు ఉన్నాయి, అక్కణ్నుంచి ఫెర్రీలో యుటిలా. కొంచెం ఎక్కువైనా రెండోదే నయం.

ఇసుక ఈగలు ఇక్కడి పెద్ద బాధ. కంటికి కనిపించనంత చిన్నవి, గాలి ఆగిన సాయంత్రాల్లో కాళ్ల మీద పడతాయి. దురద రోజుల తరబడి ఉంటుంది. దీవివాసులు కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటారు, ఈగ ఆ జిడ్డు దాటి కుట్టలేదు. ఆ సీసా మనకు కొత్తేం కాదు, ఒకటి బ్యాగులో వేసుకోండి.

లిటిల్ కార్న్: ఎవరికి వద్దో ముందు చెప్పాలి

వారం సెలవే ఉన్నవాళ్లకు వద్దు. నికరాగువా రాజధాని మనాగువా చేరాలి, అక్కడ చిన్న విమానంలో బిగ్ కార్న్, అక్కణ్నుంచి పాంగా అనే పైకప్పు లేని మరపడవలో సుమారు అరగంట. అలలు లేచిన రోజు ఆ అరగంట చాలా పొడుగ్గా ఉంటుంది, నిలువునా తడుస్తారు. బ్యాగును ప్లాస్టిక్ సంచిలో కట్టి, వెనక వరుసలో కూర్చోండి, ముందు వైపు ఎగిరి పడటం ఎక్కువ. గాలి మరీ ఎక్కువైతే పాంగా బయల్దేరదు. అటూ ఇటూ ఒక్కో రోజు అదనంగా లేకపోతే విమానం తప్పిపోతుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ ఈ దారి వద్దు. నికరాగువాలోకి డ్రోన్ తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

ఇవన్నీ దాటి వెళ్లినవాళ్లకు దొరికేది మోటారు బండి అన్నదే లేని దీవి. సుమారు 3 చదరపు కిలోమీటర్లు. ఊరు పడమటి ఒడ్డున ఉంటుంది. మామిడి, పనస, కొబ్బరి చెట్ల మధ్య కాలిబాటల మీద నడిచి తూర్పు ఒడ్డు చేరితే అక్కడ రీఫ్. నీళ్లు శాంతంగా ఉంటే ఒడ్డు నుంచే దిగొచ్చు. అయితే అది గాలి వైపు. గాలి ఉన్న రోజుల్లో పగడం మీదికి విసిరేస్తుంది, అప్పుడు పడవలో చాటు వైపు వెళ్లడమే దారి. నగదు ముందే తీసుకెళ్లాలి, దీవిలో ఏటీఎం ఉంటుందని నమ్ముకోవద్దు.

మెక్సికోలోని ఇస్లా ముహేరెస్‌ను ఈ పట్టికలో ఎందుకు చేర్చలేదని అడగొచ్చు. కాన్‌కూన్ నుంచి ఫెర్రీలో 20 నిమిషాలే, అమెరికా వీసాతో మెక్సికోలోకి వెళ్లొచ్చు. మూడు రోజులకు బాగుంటుంది. పగటి పూట వచ్చిపోయే జనంతో నిండిపోయే ఆ దీవిలో వారం తీరిగ్గా గడపడం కష్టం.

మన సెలవులకు ఏ దీవి

తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, ఉధృతంగా ఉండేది ఆగస్టు నుంచి అక్టోబరు. ఈ సంగతి అందరికీ తెలిసిందే. అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్లకు అసలు సమస్య వేరు. పెద్ద సెలవు దొరికేది థ్యాంక్స్‌గివింగ్‌కూ, డిసెంబరు చివరి వారంలోనూ. సరిగ్గా అప్పుడే యుటిలాలో వానలు, లిటిల్ కార్న్‌లో పెనుగాలి, కీ కాకర్‌లో ఉత్తరపు చలిగాలులు. ఆ గాలి రెండు మూడు రోజులు వీస్తే నీళ్లు కలకబారి చేపలు సరిగా కనిపించవు. కాబట్టి డిసెంబరులో వెళ్లక తప్పకపోతే కులేబ్రాకే నా ఓటు. ఉత్తరానికి తెరుచుకున్న ఫ్లమెంకోలో చలికాలపు అలలు ప్రమాదకరంగా లేస్తాయి, కానీ తామరిండో చాటున చాలా రోజులు దిగొచ్చు. మార్చి నుంచి మే దాకా సెలవు పెట్టగలిగితే కీ కాకర్, లిటిల్ కార్న్ రెండూ బాగుంటాయి. జూన్, జులైలో యుటిలా.

సర్గాసం అనే గోధుమరంగు నాచు గురించి కూడా ఆలోచించాలి. 2011 నుంచి వేసవికి ముందూ, వేసవిలోనూ కరీబియన్ తూర్పు తీరాలకు గుట్టలుగా కొట్టుకొస్తోంది. కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. కీ కాకర్‌లో ముందు వీధి వైపు గది తీసుకుంటే ఆ నెలల్లో ఇబ్బంది పడొచ్చు, వెనక వీధి వైపు తీసుకుంటే వాసనా తక్కువ, సూర్యాస్తమయమూ మీదే.

తిండి

మాంసాహారులకు ఎక్కడా లోటు లేదు. కీ కాకర్‌లో జులై నుంచి లాబ్‌స్టర్ సీజన్, ఆ నెల మొదట్లో దానికో పండగే చేస్తారు. నిషేధం ఉన్న నెలల్లో ఎవరైనా వడ్డిస్తామన్నా తినకండి.

శాకాహారులకు పొద్దుటి పూట బెలీజ్ బాగుంటుంది. కిటికీ కౌంటర్లలో ఫ్రై జాక్ అమ్ముతారు. మైదా పిండిని పలచగా ఒత్తి, ముక్కలుగా కోసి కాగే నూనెలో వేయగానే మన పూరీలా పొంగుతుంది. దాన్ని చీల్చి లోపల బీన్స్, చీజ్ నింపి కాగితంలో చుట్టి ఇస్తారు. పక్కనే క్యారెట్‌తో చేసిన హబనేరో మిర్చి సాస్ సీసా ఉంటుంది, గుంటూరు కారం తిన్న నాలుకకు అది చాలా నచ్చుతుంది. హోండురస్‌లో బలేయాదా: మెత్తటి గోధుమ రొట్టెలో బీన్స్, చీజ్, మీగడ. చవక, కడుపు నిండుతుంది. ఈ బీన్స్‌తోనే జాగ్రత్త. పంది కొవ్వులో వేయించడం మామూలు, బెలీజ్ బీన్స్‌లో పంది తోక కూడా వేస్తారు. మాంసం వద్దని మాత్రమే చెబితే కోడీ చేపా వచ్చేస్తాయి. పంది కొవ్వు వద్దు, కోడి వద్దు, చేప వద్దు అని ఒక్కొక్కటీ విడిగా చెప్పండి. వంటగది ఉన్న హాస్టల్ తీసుకుని, కందిపొడి డబ్బా ఒకటి వెంట తెచ్చుకుంటే ఏ దీవిలోనైనా గడిచిపోతుంది.

మాస్క్, పడవ

ఫిన్స్, జాకెట్ అద్దెకు తీసుకోండి, మాస్క్ మాత్రం సొంతంగా కొనుక్కోండి. పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చితే అతుక్కుని నిలబడాలి. జారితే ఆ మాస్క్ మీది కాదు. మీసాలున్నవాళ్లకు పై పెదవి దగ్గర నీళ్లు కారుతాయి, సిలికోన్ గ్రీజు కొంచెం రాస్తే తగ్గుతుంది. కళ్లజోడు వాడేవాళ్లు పవర్ లెన్సుల మాస్క్ తెప్పించుకోవాలి. మైనస్ నాలుగు చూపుతో మామూలు మాస్క్ పెట్టుకుంటే రీఫ్ మీద రంగు మచ్చలు తప్ప ఏమీ కనిపించవు. సన్‌స్క్రీన్ కంటే పొడుగు చేతుల ఈత చొక్కా మేలు, వీపు కాలదు, నీళ్లలో రసాయనమూ కలవదు.

ఏ దీవికి వెళ్లినా కొన్ని పగడాలు తెల్లగా, కొన్ని చచ్చి నాచుపట్టి కనిపిస్తాయి. 2014లో ఫ్లోరిడాలో బయటపడ్డ పగడపు తెగులు తర్వాతి కొన్నేళ్లలో బెలీజ్‌కూ, ప్యూర్టో రికోకూ, హోండురస్ దీవులకూ పాకింది. 2023 వేసవిలో సముద్రం విపరీతంగా వేడెక్కి మరెన్నో తెల్లబారాయి. అందుకే పడవ ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే అడగొద్దు. ఒక గైడ్‌కు ఎంతమందిని ఇస్తారు? పడవను లంగరు వేసి ఆపుతారా, నీటిపై తేలే బోయాకు కడతారా? లంగరు పడిన చోట పగడం విరుగుతుంది. షార్కులకు ఎర వేస్తారా? ఈత రానివాళ్లకు పట్టుకుని తేలేందుకు గుండ్రటి ట్యూబ్ ఉందా? ముందురోజు సాయంత్రం రేవు దగ్గరికి వెళ్లి, రేపు మీతో నీళ్లలో దిగే గైడ్‌నే ఈ నాలుగూ అడగండి. పడవలు తిరిగొచ్చే వేళ కాబట్టి దిగుతున్నవాళ్లను కూడా పలకరించి కనుక్కోవచ్చు.